ఓరియన్ నెబ్యులా తీస్తే బూడిదరంగు మరక వస్తోంది. తప్పు నాదా, కెమెరాదా?

చుక్కలలెక్క:

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ మీ ఫొటోలు చూస్తున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

పోయినేడు మా అబ్బాయి కోసమని 70 మి.మీ. టెలిస్కోప్ ఒకటి కొన్నాం. వాడు రెండు రోజులు చూసి వదిలేశాడు, నేను పట్టుకున్నాను. నేను అకౌంట్స్ మనిషిని. పగలంతా లెక్కలు సరిచూసి, రాత్రి పది దాటాక మేడ మీదికి వెళ్తే గాని తల తేలికపడదు. చందమామ మీద గుంతలు, గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు, శని వలయం అన్నీ చూశాను. శనిని మొదటిసారి చూసినప్పుడైతే గొట్టానికి ముందు ఎవరైనా బొమ్మ అంటించారేమోనని నిజంగానే వెళ్ళి తడిమి చూశాను.

గొడవంతా ఫొటోలతోనే. ఫోన్‌ని ఐపీస్‌కి (టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే చోటికి) ఆనించి తీస్తే చంద్రుడు బాగానే వస్తాడు, ఇంకేదీ రాదు. అందుకని ఇంట్లో మూలపడి ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ తీశాను. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు, మామూలు ట్రైపాడ్. ఓరియన్ అనే వేటగాడి నక్షత్ర మండలంలో నడుము కింద వేలాడే కత్తికి, అంటే నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘం ఉండే చోటికి గురిపెట్టి, ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే తీవ్రత) 1600లో 20 సెకన్లు తీస్తే చుక్కలన్నీ గీతలయ్యాయి. 4 సెకన్లకు తగ్గిస్తే గీతలు పోయాయి, కానీ నెబ్యులా ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటి మిగిలింది. మా అబ్బాయి చూసి, "అమ్మా, ఇది నెబ్యులా కాదు, లెన్సు మీద నీ వేలిముద్ర" అన్నాడు. తుడిచి మళ్ళీ తీశాను. మరక అక్కడే ఉంది. అంటే వేలిముద్ర కాదని మాత్రం రుజువైంది.

మా మేడకి రెండు పక్కలా వీధి దీపాలు. ఓరియన్ నడుములోని మూడు చుక్కలూ స్పష్టంగానే కనిపిస్తాయి, కత్తి మధ్య చుక్క మాత్రం బాగా చూస్తే కొంచెం మసకగా అనిపిస్తుంది. ఇప్పుడు నేనేం మార్చాలి? పెద్ద టెలిస్కోప్ కొనాలా, కొత్త కెమెరానా, లేక ఊరి బయటికి వెళ్తే తప్ప లాభం లేదా? 4 సెకన్ల రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫొటో) జత చేశాను. నవ్వినా పర్లేదు, కారణం చెప్పండి చాలు.

ధ్రువంతప్పినవాడు:

మీ ఫైలు దించుకుని చూశానండీ. ఏమీ కొనకండి.

మీ అబ్బాయి వేలిముద్ర అన్నదే అసలు నెబ్యులా. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, హిస్టోగ్రామ్‌లో (ఎంత వెలుగున్న పిక్సెళ్ళు ఎన్ని ఉన్నాయో చూపే పటంలో) ఎడమ మూలకు నక్కిన గుట్టని కుడివైపుకి సాగదీశాను. మరక మధ్యలోంచి లేత గులాబీ రంగు బయటపడింది, దానికి ఒక పక్కన రెక్కలాంటి వంపు కూడా. ఇంకాస్త లాగితే అంతా ఇసుక చల్లినట్టు గరుకైపోయింది. అంటే సరుకు ఉంది, చాలినంత లేదు. నాలుగు సెకన్ల వెలుతురుకి అంతకంటే రాదు.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే చెబుతా. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). మీ కెమెరాలో ఒక్కో పిక్సెల్ దాదాపు 4 మైక్రాన్లు, 50 మి.మీ. లెన్సుతో అది ఆకాశంలో 16 ఆర్క్ సెకన్ల ముక్కని చూస్తుంది. ఓరియన్ ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సూటిగా ఆకాశంలో ఊహించుకునే గీత) మీదే ఉంటుంది కాబట్టి అక్కడ కదలిక పూర్తి వేగంతో ఉంటుంది. 20 సెకన్లకి 300 ఆర్క్ సెకన్లు, అంటే 18 పిక్సెళ్ళ గీత. 4 సెకన్లకైతే నాలుగు పిక్సెళ్ళ లోపే, అది చుక్కలాగే కనిపిస్తుంది. గీతలు రాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తెలియాలంటే 500ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీది మి.మీ. అంకెతో) భాగించమని ఒక పాత సూత్రం ఉంది. మీ చిన్న సెన్సర్‌కి 50 బదులు 75 వేసుకుంటే ఆరేడు సెకన్లు వస్తుంది. ఆ సూత్రం ఫిల్మ్ రోజులది, కాస్త ఉదారంగా ఉంటుంది. మీరు తడుముకుని పట్టుకున్న 4 సెకన్లే సరైనది.

ఇక అసలు సంగతి. ఒక్క ఫొటో కాదు, అలాంటివి 200 తీయండి. వాటిని చుక్కకి చుక్క కలిసేలా ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీసే పనిని స్టాకింగ్ అంటారు. నెబ్యులా వెలుతురు ప్రతి ఫొటోలోనూ ఒకే చోట పడుతుంది కాబట్టి 200 రెట్లు కూడుతుంది. గరుకు మాత్రం ఒక్కో ఫొటోలో ఒక్కో చోట, కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. అందుకని అది 200కి వర్గమూలం మేరకే, అంటే 14 రెట్లే పెరుగుతుంది. మీకు మిగిలే లాభం 14 రెట్లు. మొత్తం ఎక్స్‌పోజర్ 13 నిమిషాలే. ఆ తర్వాత మాత్రం లాభం పిసినారి అయిపోతుంది: ఈ 14ని 28 చేయాలంటే 800 ఫొటోలు కావాలి.

వీధి దీపాల సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. దీపాల కాంతిని సాఫ్ట్‌వేర్ తీసేయగలదు, అదేం పెద్ద పని కాదు. కానీ ఆ కాంతి తెచ్చిన గరుకుని తీసేయలేదు. చీకటి చోట గంటలో వచ్చేదానికి మీ మేడ మీద చాలా రాత్రులు పట్టేది అందుకే. అయినా ఓరియన్ నెబ్యులా కాంతివంతమైనది, దీపాలకి లొంగదు. మొదట దాన్ని ఎంచుకున్నారు కాబట్టి బతికిపోయారు. నేను మొదటి రాత్రే గుర్రపుతల నెబ్యులాకి వెళ్ళి నెల రోజులు ఏడ్చాను. దాని వెనకున్న ఎరుపు 656 నానోమీటర్ల హైడ్రోజన్ కాంతి. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ అందులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుందని అప్పటికి తెలీదు. మీ నెబ్యులా కూడా పుస్తకాల్లో ఉన్నంత ఎర్రగా రాదు, గులాబీగానే వస్తుంది. కంగారు పడకండి.

తీసేటప్పుడు ఫోకస్ ఒక్కటీ ప్రాణం. లెన్సు మీదున్న అనంతం గుర్తుని నమ్మొద్దు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఏదైనా పెద్ద చుక్కని 10 రెట్లు పెంచి చూస్తూ, ఓరియన్ భుజం మీది ఆర్ద్ర అయినా పర్లేదు, అది ఎంత చిన్నదైతే అంత చిన్నదయ్యే వరకు రింగ్‌ని వెంట్రుకవాసి తిప్పి టేప్ అంటించేయండి. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/1.8 నుంచి 2.8కి దించండి. ఫుల్‌గా తెరిస్తే అంచుల్లో చుక్కలకి రెక్కలొచ్చి పిచ్చుకల్లా కనిపిస్తాయి. షట్టర్‌ని చేత్తో నొక్కకండి, టైమర్ పెట్టండి. ఓరియన్‌ని ఫ్రేములో కాస్త తూర్పు పక్కకి పెట్టి వదిలేస్తే ఇరవై నిమిషాల్లో అదే నెమ్మదిగా పడమటికి జరుగుతుంది, ట్రైపాడ్ జోలికి పోనక్కర్లేదు. చివర్లో లెన్సుకి మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే 4 సెకన్లతో ఓ ముప్పై తీయండి. ఇవి డార్కులు, సెన్సర్ తనంతట తాను పుట్టించే మచ్చల్ని తీసేయడానికి. తర్వాత లెన్సు మీద తెల్ల బట్ట బిగుతుగా కట్టి, వెలుగు సమంగా పడేలా ఇంకో ముప్పై. ఇవి ఫ్లాట్లు. వీటికి మాత్రం ఫోకస్, ఎపర్చర్ కదలకూడదు. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు, మూలల నలుపు పోవాలంటే ఇవే దారి. అందరూ బద్ధకించేదీ ఇక్కడే. పేర్చడానికి సిరిల్ గానీ డీప్‌స్కైస్టాకర్ గానీ చాలు, రెండూ ఉచితం.

టెలిస్కోప్‌ని ఫొటోలకి ఇప్పుడే వాడొద్దు. గొట్టం బాగానే ఉన్నా దాని కాళ్ళకి అంత సత్తా ఉండదు. ఈ పనిలో డబ్బు పోయాల్సింది మౌంట్ మీద, అంటే టెలిస్కోప్‌నో కెమెరానో మోసి తిప్పే అమరిక మీద. అదీ ఈ 200 ఫొటోలు అయ్యాక, ఇంకా కావాలనిపిస్తే. అప్పుడు లెన్సుతో వాడే చిన్న ట్రాకర్ కొనుక్కోవచ్చు. దాని అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా పెడితే ఆకాశంతో పాటే తిరుగుతుంది.

నా పేరు అలా ఎందుకు పెట్టుకున్నానో చెబితే మీకు ధైర్యం వస్తుంది. ట్రాకర్ కొన్న మొదటి రాత్రి మూడు గంటలు అమర్చాను, ప్రతి ఫొటోలోనూ గీతలే. మోటారు పాడైందనుకుని విప్పబోయాను కూడా. తీరా చూస్తే నేను ధ్రువ నక్షత్రం అనుకుని గురిపెట్టింది కోకాబ్‌ని. అదీ అదే లఘు సప్తర్షి మండలంలో ఉంటుంది, దాదాపు అంతే కాంతి, కాకపోతే కాస్త నారింజ రంగు. అసలు ధ్రువ నక్షత్రమూ సరిగ్గా ఆకాశ ధ్రువం (భూమి అక్షం చూపే చోటు, ట్రాకర్‌ని గురిపెట్టాల్సింది అక్కడికే) మీద ఉండదు, అర డిగ్రీ పైచిలుకు పక్కకి ఉంటుంది. నేను ఆ తేడా గురించి రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను, పట్టుకున్న చుక్కే వేరని తెలీకుండా.

మబ్బులమాస్టారు:

అమ్మా, పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ కెమెరా ఆ ఇరవై నిమిషాలూ దాని పని అది చేసుకుంటుంటే మీరేం చేస్తారు? ఫోన్ చూస్తారు. ఆ తెల్లని తెర ఒక్కసారి కళ్ళలో పడితే చీకటికి అలవాటు పడ్డ చూపు పోతుంది, మళ్ళీ రావడానికి అరగంట. ఆ సమయంలో తలెత్తి అల్గోల్ అనే నక్షత్రాన్ని చూడండి. పర్సియస్ మండలంలో ఉంటుంది, వీధి దీపాల మధ్య కూడా కంటికి ఆనుతుంది. అది నిజానికి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. మసక నక్షత్రం వెలుగుదాన్ని అడ్డుకున్నప్పుడల్లా 2.1 నుంచి 3.4 మాగ్నిట్యూడ్‌కి పడిపోతుంది (ఇది వెలుగు కొలత, అంకె పెరిగితే మసక). 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి, గడియారం పెట్టినట్టు. దిగి మళ్ళీ ఎక్కడానికి పది గంటలు. పక్క చుక్కలతో పోల్చి, అరగంటకోసారి ఒక అంకె రాసుకుంటే చాలు.

లెక్కల మనిషినన్నారుగా, మీకు నచ్చి తీరుతుంది. మారే నక్షత్రాలను గమనించే ఔత్సాహికుల సంఘం ఏఏవీఎస్ఓ 1911 నుంచీ ఉంది, మీరు రాసిన అంకెలు వాళ్ళు తీసుకుంటారు. 2019 చివర్లో ఆర్ద్ర మసకబారి 2020 ఫిబ్రవరికి 1.6 దాకా దిగినప్పుడు నేను రోజూ రోహిణితో పోల్చి రాసుకున్నాను. కెమెరా లేదు, ఏమీ లేదు. నోటుబుక్కు, పెన్సిలు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి.

త్వరగాతేల్చు:

ఇంత తిప్పలెందుకండీ? ఇప్పుడు స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. బయట పెట్టి ఫోన్‌లో పేరు నొక్కితే అదే వెతుక్కుంటుంది, అదే పేరుస్తుంది. నేను ఇంట్లో కూర్చుని పదిహేను నిమిషాల్లో ఓరియన్ తీశాను. నడుం నొప్పి లేదు, దోమలు లేవు.

ధ్రువంతప్పినవాడు:

తప్పేం లేదు, నా దగ్గరా ఒకటుంది, చుట్టాలొచ్చినప్పుడు దాన్నే బయటికి తీస్తాను. కానీ అందులో తేడా వస్తే ఎక్కడ వచ్చిందో తెలీదు. ఈవిడ మరకని చూసి కారణం అడిగారు, ఫొటో అడగలేదు.

చుక్కలలెక్క:

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను, ఎనిమిది రోజులు మబ్బే. ఏ రాత్రి ఏమైందో చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదటి రాత్రి 200 తీశాను. ఇంట్లోకొచ్చి చూస్తే మొదటి డెబ్బై నీట్‌గా ఉన్నాయి, తర్వాతవి మెల్లగా మసకబారుతూ చివరికి పాలలో ముంచినట్టయ్యాయి. ఫోకస్ జారిందేమోనని తిట్టుకున్నాను. లెన్సు తడిమితే చేతికి తడి తగిలింది. మంచు! రెండో రాత్రి లెన్సు చుట్టూ పవర్‌బ్యాంకుతో వేడెక్కే పట్టీ ఒకటి కట్టాను. ఆ రాత్రి 240 తీశాను, విమానాలు, తీగలాంటి మబ్బు తీసేయగా 209 మిగిలాయి. ఉపగ్రహాల గీతలున్నవాటిని మాత్రం తీయలేదు, సగటుకి బాగా దూరంగా ఉన్న పిక్సెళ్ళని స్టాకింగ్‌లో సాఫ్ట్‌వేరే పక్కన పెట్టేసింది. మా ఆఫీసులో కూడా ఇలాంటి బటన్ ఉంటే బాగుండు.

డార్కులు తీశాను. ఫ్లాట్లు తీయలేదు, నిజం ఒప్పుకుంటున్నాను, రాత్రి ఒంటిగంటయింది.

సిరిల్‌లో స్టాక్ అయ్యాక తెర మీద మళ్ళీ నల్లగానే కనిపించింది, గుండె జారింది. మీరు చెప్పినట్టు గుట్టని సాగదీస్తూ పోతే మధ్యలో తెల్లగా, చుట్టూ గులాబీ, రెండు పక్కలా రెక్కలు. మా అబ్బాయిని నిద్రలేపి చూపించాను. వాడు చాలాసేపు చూసి, "వేలిముద్రే, కానీ పెద్దది" అని పడుకున్నాడు. పొద్దున లేచేసరికి వాడి ఫోన్ తెర మీద అదే ఫొటో ఉంది.

ఫొటో జత చేశాను. రెండు అనుమానాలు. నెబ్యులాకి ఉత్తరం పక్కన చిన్న కామా గుర్తులాగా ఒక ముక్క విడిగా ఉంది, మధ్యలో నల్లటి చార. అది నిజంగా ఉన్నదా, నేను మరీ లాగడం వల్ల వచ్చిందా? ఇంకా, కింది మూలలో బూడిదరంగు ఉంగరం లాంటిది కనిపిస్తోంది, అదేం నెబ్యులా?

మాస్టారూ, అల్గోల్‌ని కూడా చూశాను. ఏడున్నరకి పక్క చుక్క కంటే వెలుగు, పదింటికి దానికంటే మసక. ఐదు అంకెలు రాశాను. ఆరోది రాయాల్సిన టైముకి లెన్సు తుడుస్తున్నాను.

ధ్రువంతప్పినవాడు:

కామా నిజమైనదేనండీ. అదే ఎం43, మెస్యే జాబితాలో 43వది. నల్ల చార అంటే మధ్యలో అడ్డొచ్చిన దుమ్ము, వెనకంతా ఒకటే మేఘం. 1774లో అచ్చయిన మొదటి జాబితాలోనే ఫ్రెంచి ఖగోళవేత్త మెస్యే దానికి విడిగా నంబరిచ్చాడు. 50 మి.మీ. లెన్సుతో, దీపాల మధ్య నుంచి అది విడిగా వచ్చిందంటే మీ ఫోకస్ నాకంటే నయం.

ఉంగరం మాత్రం సెన్సర్ మీది దుమ్ము. లెన్సు కదపకుండా అలాగే ఉంచి ఉంటే ఈరోజైనా ఫ్లాట్లు తీయొచ్చు. టేప్ తీసేయలేదు కదా?