కాకినాడలో మొదటి తుఫాను సీజన్: నాలుగో అంతస్తులో ఉన్నాం, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు?

కొత్తగా_తీరంలో:

నమస్తే అండీ. మాది కరీంనగర్ వైపు. ఉద్యోగం మారడంతో ఈ ఎండాకాలం చివర్లో కాకినాడ వచ్చాం. భానుగుడి దగ్గర అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ, దానికి పెద్ద స్లైడింగ్ అద్దాల తలుపు. గాలి బాగా ఆడుతుందని మురిసిపోయి తీసుకున్న ఇల్లు, ఇప్పుడు ఆ గాలితోనే టెన్షన్.

దసరా దాటిన దగ్గర్నుంచీ ఒక అల్పపీడనం పోయిందనుకుంటే ఇంకోటి తయారు. మొన్న పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని విన్నాం. ఆ రాత్రి బాల్కనీలో బట్టల స్టాండు దానంతట అదే జరుక్కుంటూ వెళ్లి గ్రిల్‌కి ఆనుకుంది, తలుపు సందుల్లోంచి రాత్రంతా ఒకటే ఈల, మూడేళ్ల పాప లేచి ఏడుపు. పొద్దున వాచ్‌మన్‌ని అడిగితే "ఇది తుఫానేంటి సార్, ముసురు" అని నవ్వేశాడు. ఊళ్లో మా అమ్మేమో టీవీలో ఎర్ర సున్నాలు తిరుగుతుంటే చూసి, ఉన్నపళంగా బయల్దేరి వచ్చేయమని పూటకోసారి ఫోన్.

ఇక్కడివాళ్లు అసలు ఏది చూసి భయపడతారు, ఏది చూసి నవ్వేస్తారు? ఎంత వేగం గాలైతే నిజంగా ఇబ్బంది? పోర్టు నంబరు పెరిగేకొద్దీ తుఫాను పెద్దదని లెక్కా? గట్టిది వస్తే ఇంట్లోనే ఉండాలా, ముందే ఊరెళ్లిపోవాలా? వెటకారం లేకుండా చెప్పండి ప్లీజ్.

జగన్నాథపురం_పాతకాపు:

వెటకారం ఎందుకండీ, మీ వైపు మే నెల వడగాడ్పులకి మేం హడలిపోమా ఏంటి.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి వారాల దాకా మాకు ముసురూ ఈదురుగాలీ మామూలే. కొన్న టపాకాయలు మెత్తబడకుండా దీపావళి అయిపోయిందంటే ఆ ఏడాది అదృష్టం కిందే లెక్క. మీ వాచ్‌మన్ నవ్వింది అందుకే. కానీ 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ల దగ్గర తుఫాను అని జోకులేస్తే మాత్రం ఊరుకోరు. కాకినాడకి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. చుట్టుకొలతకి చిన్నదే, గాలి మాత్రం భయంకరం. కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా పడుకున్నాయి, వేటకెళ్లిన భైరవపాలెం వాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. మొత్తం వెయ్యి మంది దాకా పోయారు. అప్పట్లో నడిసముద్రంలో ఉన్న బోటుకి కబురు చెప్పే దారి ఏముందండీ?

మీ సంగతికొస్తే నాలుగో అంతస్తులో మీకు నీళ్ల భయం లేదు, గాలి భయమే. పైగా కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా ఉంది కాబట్టి ఊరి ముందు కెరటం జోరు కొంత తగ్గుతుంది. ఉప్పాడ వైపు ఆ అడ్డు లేదు, అందుకే అక్కడి బీచ్ రోడ్డు సముద్రం కోతకి మళ్లీ మళ్లీ దెబ్బతింటూ ఉంటుంది. సరదాగా కెరటాలు చూద్దామని పాపని బండెక్కించుకుని అటు మాత్రం వెళ్లకండి, ఏటా కొందరికి ఈ పిచ్చి ఉంటుంది.

బాల్కనీలో పూలకుండీలు, బట్టల స్టాండు, పాప సైకిలు అన్నీ లోపల పెట్టేయండి, ఏదీ కట్టి వదిలేయడం కాదు. టెర్రస్ మీద ఖాళీ సింటెక్స్ ట్యాంకు ఏదైనా ఉందేమో చూడండి. నిండుగా ఉన్నది కదలదు, ఖాళీది లేచి పక్కింటి మీద పడుతుంది. విరిగిన రేకులు, పాత డిష్ గొడుగులు కూడా అంతే. బండి చెట్టు కిందా ఫ్లెక్సీ కిందా పెట్టొద్దు. కారు సెల్లార్‌లో ఉంటే వాన ముదరకముందే పైకి తెచ్చుకోండి.

ఈశాన్యం_గాలి:

నంబర్ల గురించి చాలామంది పొరపాటు పడతారు కాబట్టి వివరంగా రాస్తున్నా. పోర్టు హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 1, 2 అంటే సముద్రంలో ఎక్కడో దూరంగా ఏదో తయారవుతోంది లేదా తయారైంది అని. 3, 4 అంటే మన రేవు దగ్గర గాలీ వానా ఉంటాయి, ఇంకా ప్రమాదం అనేంత కాదు అని. మీరు విన్న మూడు అదే. 5, 6, 7 ప్రమాద హెచ్చరికలు, 8, 9, 10 మహా ప్రమాద హెచ్చరికలు, 11 వస్తే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

అసలు సంగతి ఏంటంటే ఆ మూడేసి నంబర్ల మధ్య తేడా బలంలో కాదు, దారిలో. తుఫాను వచ్చే దారికి మన రేవు ఎడమ పక్కన పడితే 8, కుడి పక్కన పడితే 9, నెత్తి మీదుగానో మరీ దగ్గరగానో పోతుందనుకుంటే 10. 5, 6, 7 కూడా ఇదే వరస. టీవీవాళ్లు దాన్ని పరీక్ష మార్కుల్లా చదివేస్తారు.

కుడి ఎడమల గోల ఎందుకంటే, మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరుగుతుంది. తూర్పు తీరానికి వచ్చే తుఫానుకి కుడి పక్కన, అంటే ఉత్తరం పక్కన, గాలి సముద్రాన్ని నేల మీదకి తోస్తుంది. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రం వైపు పోతుంది. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది దివిసీమకి నైరుతిగా, ఉప్పెన మింగింది మాత్రం కుడి పక్కనున్న దివిసీమని. 5 మీటర్ల ఎత్తున నీళ్లు, పది వేలకి పైగా ప్రాణాలు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర దాటినప్పుడు కూడా కాకినాడ కుడి పక్కనే ఉంది. అంటే "మాకు దక్షిణంగా పోతుందట, హమ్మయ్య" అని కాకినాడవాళ్లు అనుకోకూడదు, అది మంచి కబురు కాదు.

మీ బాల్కనీ నుంచే ఇది కొంత కనిపెట్టొచ్చు. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను నడిమధ్య మీ ఎడమ చేతి వైపు ఉంటుంది, కాస్త అటూ ఇటూగా. ఆగ్నేయం నుంచి తుఫాను వస్తుంటే ముందు ఈశాన్యం గాలి కొడుతుంది. ఆ గాలి మెల్లగా తూర్పుకి, తర్వాత ఆగ్నేయానికి తిరిగితే అది మనకి దక్షిణంగా పోతోంది. ఉత్తరానికి, ఆపైన వాయవ్యానికి తిరిగితే మనకి ఉత్తరంగా పోతోంది. దిక్కు మారకుండా జోరు మాత్రం పెరుగుతూ ఉంటే సూటిగా మన మీదకే అని. ఫోన్ సిగ్నల్ పోయాక ఈ లెక్క బాగా పనికొస్తుంది, కాకపోతే చూడటానికి బాల్కనీలోకి వెళ్లకండి, కిటికీలోంచి కొబ్బరి మట్టలు ఎటు వాలాయో చూస్తే చాలు.

వేగం అడిగారు. గంటకి 31 నుంచి 50 కిలోమీటర్లు వాయుగుండం, 62 దాకా తీవ్ర వాయుగుండం, 63 నుంచి 88 తుఫాను, 89 నుంచి 117 తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. ఈ అంకెలు నిలకడగా వీచే గాలివి, మధ్యమధ్య వచ్చే విసురు ఇంకా ఎక్కువ ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. 50 గాలికి స్టాండు కదిలితే 100 గాలికి ఏం జరుగుతుందో ఊహించుకోండి. నా లెక్కలో తీవ్ర తుఫాను అన్న మాట వినపడేదాకా పక్కా అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

సీతమ్మధార_చిన్నోడు:

పైన మేటర్ అంతా కరెక్టే బ్రదర్, ఒకటి కలుపుతా. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ మా వైజాగ్ నెత్తి మీదుగానే వెళ్లింది. పొద్దున్నుంచీ ఒకటే ఊపు, 180 దాకా గాలి, మా వీధిలో తురాయి చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటే ఆ చప్పుడు కూడా వినపడలేదు, గాలి రొదే అంతలా ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి తెరిపి ఇచ్చేసింది. జనం అయిపోయిందనుకుని ఫోన్లు పట్టుకుని రోడ్డు మీదకి దిగారు, పడిపోయిన చెట్ల పక్కన ఫొటోలు. అది తుఫాను కన్ను, అంటే నడిమధ్యన గాలి ఆగిపోయే చోటు. కాసేపటికి గాలి మళ్లీ అందుకుంది, ఈసారి అవతలి దిక్కు నుంచి. పొద్దున్న సగం ఒరిగి ఆగినవన్నీ అప్పుడు కూలాయి. కాబట్టి గాలి ఠక్కున ఆగిందంటే బయటికి పోకండి. మెల్లమెల్లగా తగ్గితేనే అయిపోయినట్టు.

అసలు నరకం ఆ తర్వాత రోజులు. కరెంటు లేదు, కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక నీళ్లు లేవు. ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూ, పాల ప్యాకెట్ ఎంత చెబితే అంత. ఇప్పుడైతే టీ తాగినా ఫోన్‌తోనే డబ్బులు కొడుతున్నాం, సిగ్నల్ పోతే జేబులో నోట్లు లేనివాడు పస్తే. వంద, రెండొందల నోట్లు కాసిని ఇంట్లో పెట్టుకో. పాపకి పాలపొడి, మందులు వారానికి సరిపడా. ముందురోజే ట్యాంకు నింపించు, బకెట్లు, బిందెలు, వంటింట్లో ఖాళీగా ఉన్న ప్రతి గిన్నే నింపు.

చెట్ల సంగతి ఇంకోటి, మిగిలిన వాటి ఆకులు కూడా మాడిపోయినట్టు గోధుమరంగులోకి వచ్చేశాయి, గాలి మోసుకొచ్చిన ఉప్పుకి. కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టు అయిపోయింది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని తర్వాత మంచినీళ్లతో కడిగించు, లేకపోతే తుప్పు పట్టి పోద్ది.

కొత్తగా_తీరంలో:

అందరికీ థాంక్స్ అండీ, దక్షిణంగా పోతే మనకే ఎక్కువ అన్న మాట విన్నాక మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాం, ఇన్నాళ్లూ రివర్స్‌లో అనుకున్నాం. ఇంకొక్కటి. అద్దాల తలుపుకి ఇంటూ గుర్తులా టేపు అంటించమని ఒక వీడియోలో చూశాను, ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచితే ప్రెషర్ తగ్గుతుందని ఇంకో వీడియో. చేయమంటారా?

ఫ్లాట్ల_సెక్రటరీ:

రెండూ చేయకండి. టేపు వల్ల అద్దానికి బలం రాదు, పగిలితే పెద్ద పెద్ద పెళ్లలుగా ఊడిపడుతుంది, తర్వాత ఆ జిగురు గోక్కోవడం అదనపు శిక్ష. కిటికీ తెరిస్తే లోపలికొచ్చిన గాలి ఇంటిని లోపలి నుంచి తోస్తుంది. అన్నీ మూసి గడియలు బిగించడమే.

స్లైడింగ్ తలుపుతో అసలు గొడవ నీళ్లు. కింద తలుపు జరిగే పట్టాలో బయటి వైపుకి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, వాన నీళ్లు బయటికి పోవడానికి. దుమ్ము, వెంట్రుకలు, చచ్చిన చీమలు చేరి అవి పూడుకుపోతాయి. పాత టూత్ బ్రష్షుతో పట్టా తుడిచి, ఒక సన్నటి తీగ పెట్టి ఆ కన్నాలు పొడవండి, మగ్గుతో నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. బాల్కనీ నీళ్లు పోయే గొట్టం మూతి కూడా. ఇవి పూడుకుంటే నాలుగో అంతస్తులోనూ హాల్లో నీళ్లు నిలుస్తాయి, మా బిల్డింగ్‌లో కింద ఫ్లోర్ వాళ్లకంటే పై ఫ్లోర్ వాళ్ల పరుపులే ఎక్కువ తడుస్తాయి. తలుపు లోపలి వైపు పాత తువ్వాళ్లు చుట్టి కుక్కండి, సోఫా, టీవీ వెనక్కి జరపండి. ఆ రాత్రి ముగ్గురూ బయటి కిటికీ లేని గదిలోనో, అలాంటిది లేకపోతే అద్దాలకి దూరంగా ఉండే మూలనో పడుకోండి. గాలి మొదలయ్యాక లిఫ్ట్ ఎక్కొద్దు, కరెంటు ఎప్పుడు తీసేస్తారో తెలీదు. కింద తీగ తెగి కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

కరప_రైతు:

మీరందరూ గాలి గురించే మాట్లాడుతున్నారు. టౌనులో ఇబ్బంది 90 దగ్గర మొదలైతే మాకు 50కే మొదలవుద్దండి. ఈ రోజుల్లో సార్వా వరి గింజ పాలు పోసుకుని, బరువెక్కి, కోతకి దగ్గరపడి ఉంటది. మామూలు వాయుగుండం చాలు, చేనంతా పడుకుంటది. పడుకున్న చేలో నీళ్లు నిలిచి రెండ్రోజులు దిగకపోతే వెన్ను మీదే మొలకలు. తూడు పూడిపోయిన డ్రెయిన్ల వల్ల నీళ్లు ఎటూ పోవు, అది వేరే కథ, రాస్తే బూతులొస్తాయి. పడిన దుబ్బులు నాలుగైదు కలిపి కట్టి నిలబెట్టుకుంటాం, మొలక రాకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తాం. టీవీలో "బలహీనపడింది, ముప్పు తప్పింది" అంటారు చూడండి, బలహీనపడినవే మమ్మల్ని ముంచుతాయి.

జగన్నాథపురం_పాతకాపు:

కరప బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు.

ఊరెళ్లే సంగతి అడిగారు కదా. వెళ్లాలనుకుంటే తీరం దాటడానికి రెండ్రోజుల ముందే సామర్లకోటలో రైలెక్కేయండి, ఆ తర్వాత రైళ్లు వరసగా రద్దు చేసేస్తారు, రోడ్డు మీద చెట్లు పడితే మధ్యలో ఇరుక్కుంటారు. చిన్నపాపతో మధ్యలో ఇరుక్కోవడం కంటే పక్కా ఇంట్లో ఉండటమే నయం. ఖాళీ చేయమని అధికారులు చెప్పేది తీరం పక్క పల్లెలకీ పాకలకీ, వాళ్లకి మాత్రం మారు మాట్లాడకుండా కదలాల్సిందే. అమ్మగారికి ఇదే చెప్పండి, ఇల్లు వీడియో కాల్‌లో చూపించండి.

ఈశాన్యం_గాలి:

చివరగా, వీడియోల బొమ్మలు చూడ్డం మానేసి వాతావరణ శాఖ బులెటిన్ చదవండి, తుఫానుగా మారాక మూడు గంటలకోసారి ఇస్తారు. అందులో ఎక్కడ దాటుతుంది, దాటేటప్పుడు ఎంత వేగం, ఈ రెండూ చూడండి, సముద్రం మధ్యలో ఉన్నప్పటి వేగం చూసి బెంబేలెత్తకండి. 2013 నవంబరులో లెహర్ నడిసముద్రంలో అతి తీవ్ర తుఫాను, కాకినాడ దాకా అందరూ వణికారు, చివరికి 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వట్టి వాయుగుండం. అదే ఏడాది అక్టోబరులో పైలిన్ మాత్రం చెప్పినంత బలంగానే గోపాల్‌పూర్ మీద పడింది. అందుకే ప్రతి మూడు గంటలకీ కొత్తది చదవాలి, నిన్నటి బులెటిన్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో వస్తే ముందు తేదీ చూడండి.