ఉద్యోగం ఇచ్చేటప్పుడు విశ్వాసం చూడాలా, పని చూడాలా?

కొత్త_యజమాని

అందరికీ వందనాలు. నాది పన్నెండు మంది పనిచేసే చిన్న ఆఫీసు. వేరే వ్యాపారాలకు లెక్కలు రాసిపెట్టడం మా పని. మొదలుపెట్టిన రోజున ప్రార్థన చేసుకుని, వీలైనంత వరకు విశ్వాసులకే ఉద్యోగం ఇవ్వాలని అనుకున్నాను. అందరికీ మేలు చేయండి, విశ్వాస గృహానికి చేరినవాళ్ళకు మరీ విశేషంగా చేయండి అని గలతీయులకు 6:10లో పౌలు రాశాడు కదా, నా ఆధారం అదే.

ఇప్పుడు రెండు విషయాల్లో ఇరుక్కుపోయాను. మా సంఘంలోని ఒక తమ్ముడు ఏడాదిన్నరగా నా దగ్గర చేస్తున్నాడు. మనసు బంగారం. పని మాత్రం కుదరడం లేదు. అతను చేసిన ప్రతి ఫైలూ ఇంకొకరు మళ్ళీ చూడాల్సి వస్తోంది. తీసేద్దామంటే క్షమించమన్న ప్రభువు మాట అడ్డొస్తోంది. ఆదివారం అతని తల్లి మొహం ఎలా చూడాలో కూడా తెలియడం లేదు.

రెండోది, ఒక పెద్ద పోస్టు ఖాళీ అయింది. వచ్చినవాళ్ళలో అందరికన్నా పని తెలిసిన ఆవిడ విశ్వాసి కాదు. మా పెద్దల్లో ఒకరు "అవిశ్వాసులతో జోడుగా ఉండకండి" అన్న 2 కొరింథీయులకు 6:14 గుర్తు చేశారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీరైతే ఏం చేస్తారు? వాక్యంతో పాటు, మనుషుల చేత పని చేయించిన అనుభవం ఉన్నవాళ్ళు అది కూడా చెప్పండి.

దేవదారు

బ్రదర్, రెండో ప్రశ్నకు సూటిగా చెప్తాను. ఆవిడను తీసుకోండి.

సొలొమోను మందిరం కట్టించేటప్పుడు తూరు రాజు హీరాముకు కబురు పంపాడు. మాను నరకడంలో సీదోనీయులంత నేర్పు ఉన్నవాళ్ళు మాలో లేరని ఒప్పుకుని మరీ అడిగాడు. నీ పనివాళ్ళకు ఎంత జీతం ఇమ్మంటే అంత ఇస్తానన్నాడు (1 రాజులు 5:6). కట్టేది సాక్షాత్తూ దేవుని మందిరం. దానికే పని తెలిసిన చేతులు కావాల్సి వచ్చినప్పుడు లెక్కల ఆఫీసుకు వద్దా?

ఇక "జోడు" అంటే ఒకే కాడి కింద రెండు పశువులు. వ్యాపారంలో సగం వాటా ఇచ్చి భాగస్వామిని చేసుకునేటప్పుడు ఆ మాట గుర్తు పెట్టుకోవాలి. ఆ మనిషి దొంగ లెక్క రాద్దామంటే మీరూ అటే లాగబడతారు. జీతానికి పనిచేసే మనిషి మీ కాడిలో లేదు. ఆ వాక్యం తర్వాత రెండు వచనాలు చదవండి, దేవుని ఆలయానికీ విగ్రహాలకూ పొందిక ఏమిటని ఉంటుంది. అక్కడ మాట ఆరాధన గురించి, ఆఫీసు గురించి కాదు.

కాపరి_కొడుకు

దేవదారు గారు, అంత తేలిగ్గా తేల్చేయకండి. 101వ కీర్తన చూడండి. దేశంలో నమ్మకస్తులైనవాళ్ళ మీద నా దృష్టి ఉంచుతాను, నిర్దోషంగా నడిచేవాడే నాకు పరిచారకుడవుతాడు, మోసం చేసేవాడు నా ఇంట్లో ఉండడు అంటున్నాడు దావీదు. అది రాజు తన కొలువు కోసం మనుషుల్ని ఎంచుకోవడం గురించి చెప్పిన మాట. హీరాము పనివాళ్ళు చెట్లు కొట్టి వెళ్ళిపోయారు. బ్రదర్ దగ్గర ఖాళీ అయింది పెద్ద పోస్టు. దాంట్లో కూర్చునే మనిషి కిందివాళ్ళకు ఏది ఒప్పో ఏది తప్పో రోజూ చూపిస్తుంది.

ఇంకో మాట. సంఘంలో పెరిగిన పిల్లలకు మొదటి ఉద్యోగం ఎవరిస్తారు? రికమెండేషన్ లేదు, చెప్పుకోవడానికి అనుభవం లేదు. విశ్వాసి అయిన యజమాని కూడా "నీకు అనుభవం లేదు" అని గేటు దగ్గరే పంపేస్తే మనం సహోదరులమని ఎందుకు పిలుచుకోవడం? ఇది నాకు పుస్తకంలో చదివిన బాధ కాదు. నా మొదటి ఉద్యోగం నాన్నగారి సంఘంలోని ఒక అంకుల్ ఇచ్చారు. ఆయన ఇవ్వకపోతే నేను ఈ రోజు ఎక్కడ ఉండేవాడినో.

ఆరేళ్ళ_ఉద్యోగిని

నేను క్రైస్తవురాలిని కాదు. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, కానీ ఇంతసేపూ నాలాంటి మనిషి గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

విశ్వాసి నడిపే సంస్థలో ఆరేళ్ళు చేశాను. పేరు చెప్పను. పొద్దున పని మొదలయ్యే టైముకే ప్రార్థన ఉండేది. "ఇష్టమైతేనే రండి" అనేవారు. నిజంగానే ఎవరూ బలవంతం చేయలేదు. అయితే రానివాళ్ళు ఎవరో అందరికీ తెలిసేది, సూపర్‌వైజర్ పోస్టు వచ్చిన ప్రతిసారీ అది ఆ గదిలో కూర్చున్నవాళ్ళకే వెళ్ళేది. మూడేళ్ళ తర్వాత నేనూ వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. తల వంచుకుని, కళ్ళు మూసుకుని. అలా చేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

దానికన్నా పెద్ద బాధ జీతం. పదో తేదీ, పదిహేనో తేదీ, ఒక్కోసారి నెల దాటేది. అడిగితే "ప్రభువు సమకూరుస్తాడు, ప్రార్థన చేద్దాం" అనేవారు. అక్కడ పనిచేసిన ఒక అక్క, మీ మతస్తురాలే, ఒక రోజు తన బైబిల్ తెరిచి లేవీయకాండము 19:13 చూపించింది. కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. మర్నాటి దాకా! మేమిద్దరం ఆ పేజీ చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మీ మతం వాళ్ళని తీసుకుంటారో, మమ్మల్ని తీసుకుంటారో మీ ఇష్టం. ఎవరిని తీసుకున్నా చెప్పిన తేదీకి జీతం ఇవ్వండి.

దేవదారు

చెల్లీ, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మీకు జరిగింది తప్పు. ద్వితీయోపదేశకాండము 24:14, 15లో ఇదే మాట ఇంకా గట్టిగా ఉంది. బీదవాడైన కూలివాడు నీ సహోదరుడైనా, నీ ఊళ్ళో ఉన్న పరదేశి అయినా, పొద్దు గుంకకముందే అతని కూలి ఇవ్వాలి, ఎందుకంటే అతను దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. సహోదరుడికీ పరదేశికీ అక్కడ ఒకే న్యాయం.

హెచ్ఆర్_ఇరవైఏళ్ళు

కొత్త_యజమాని గారూ, మీరు మొదట అడిగిన ప్రశ్నను అందరూ వదిలేశారు. నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది.

ఆ తమ్ముడికి పని కుదరడం లేదని మీరు ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పారా? ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఈ ఫైల్లో ఈ తప్పు, దీనివల్ల ఈ నష్టం" అని చూపించారా? మీ పోస్టులో ఆ మాట ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళలో విశ్వాసుల సంస్థల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన తప్పు ఇదే. నొప్పించకూడదని నెలల తరబడి నవ్వుతూ ఉంటారు, ఒక రోజు భరించలేక పిలిచి పంపించేస్తారు. ఆ మనిషికి అది పిడుగు పడ్డట్టు ఉంటుంది. నీ సహోదరుడు తప్పు చేస్తే వెళ్ళి అతను ఒంటరిగా ఉన్నప్పుడు అతనికే చెప్పు అని మత్తయి 18:15. దాన్ని మనం సంఘంలో గొడవలకే వాడుతాం. ఆఫీసులో మాత్రం ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ చెప్తాం.

ద్రాక్షతోట ఉపమానం గుర్తుందా, మత్తయి 20? సాయంత్రం వచ్చినవాడికి కూడా యజమాని ఒక దేనారం, అంటే పూర్తి రోజు కూలి ఇచ్చాడు. దయగల యజమాని అంటే అలా ఉండాలని చాలామంది చెప్తారు, నిజమే. కానీ ఆ దేనారం ఎవరిది? "నా సొంతదాన్ని నాకిష్టం వచ్చినట్టు చేయడం న్యాయం కాదా" అంటాడాయన. పొద్దున్నే వచ్చినవాళ్ళతో ఒప్పుకున్న కూలిలో ఒక్క పైసా తగ్గించలేదు, ఇంకొకడి పని వాళ్ళ చేత చేయించలేదు. మీ ఆఫీసులో ఆ తమ్ముడి ఫైళ్ళు మళ్ళీ చూస్తున్నది ఎవరు? వాళ్ళు ఎన్ని గంటలకు ఇంటికి వెళ్తున్నారు? ఆ దయ మీరు చూపిస్తున్నారు, దాని ఖర్చు వాళ్ళు భరిస్తున్నారు. కొలొస్సయులకు 4:1 న్యాయమైనదీ సమానమైనదీ ఇవ్వమంటుంది. మిగతా పదకొండు మందికి కూడా మీరే యజమాని.

ఉద్యోగంలోకి తీసుకోవడం గురించి రెండు ముక్కలు. సంఘం పనికి మనుషుల్ని ఎంచుకోవడం వేరు, వ్యాపారం వేరు. అపొస్తలుల కార్యములు 6లో ఏడుగురిని ఎంచుకున్నప్పుడు ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండుకుని మంచి పేరున్నవాళ్ళని చూశారు, అది సంఘ పరిచర్య కాబట్టి. చట్టాలు కూడా ఈ తేడా పాటిస్తాయి. అమెరికా 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం పదిహేను మందికి తక్కువ కాకుండా పనిచేసే మామూలు సంస్థ మతాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వకూడదు, మత సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంది. మీ దేశంలో చట్టం ఏమంటుందో ముందు కనుక్కోండి.

కాపరి_కొడుకు గారు చెప్పిన 101వ కీర్తన మంచి మాట. కానీ దావీదు అక్కడ చూసింది నడత. దాన్ని ఇంటర్వ్యూలో "ఏ సంఘానికి వెళ్తారు" అని అడిగి తెలుసుకోలేం. పాత చోట డబ్బు వ్యవహారం ఎలా ఉండేదో అడగండి, ఒక తప్పు లెక్క ముందు పెట్టి ఏం చేస్తారో చూడండి. పరిచారకులను కూడా మొదట పరీక్షించాలనే 1 తిమోతి 3:10 చెప్పింది. ప్రొబేషన్ అన్నది మన విశ్వాసానికి కొత్త కాదు.

కాపరి_కొడుకు

సిస్టర్, దేనారం ఎవరిదన్న మాట నన్ను ఆపేసింది. ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్కటి అడుగుతాను. పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి వెళ్ళిన మార్కు పంఫూలియాలో పని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు. రెండోసారి అతన్ని తీసుకెళ్ళడానికి పౌలు ఒప్పుకోలేదు, బర్నబా మాత్రం వెంటబెట్టుకుని కుప్రకు వెళ్ళాడు. ఆ గొడవలో ఇద్దరూ విడిపోయారు. చివరికి అదే పౌలు, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అని రాశాడు (2 తిమోతి 4:11). మధ్యలో బర్నబా లేకపోతే ఆ మాట వచ్చేదా? అందరూ పౌలు లాగా ఆలోచిస్తే బర్నబా ఎవరు?

హెచ్ఆర్_ఇరవైఏళ్ళు

బర్నబా అతన్ని అదే చోట, అదే పద్ధతిలో ఉంచలేదు కదండీ. పక్కన పెట్టుకుని తనతో తీసుకెళ్ళాడు. దానికి టైము ఇవ్వాలి. కొత్త_యజమాని గారికి ఆ ఓపిక ఉంటే తప్పకుండా చేయాలి. ఓపిక లేకుండా ఊరికే ఉంచుకోవడాన్ని మాత్రం బర్నబా పేరుతో పిలవకండి.

దేవదారు

చరిత్రలో ఒక ఉదాహరణ. కేడ్‌బరీ సోదరులు క్వేకర్ క్రైస్తవులు. 1879లో ఇంగ్లండ్‌లో తమ ఫ్యాక్టరీని ఇరుకైన నగరం నుంచి బోర్న్‌విల్‌కు మార్చారు. తర్వాత అక్కడే తోటలున్న ఇళ్ళు, ఆటస్థలాలు వచ్చాయి. కార్మికులు మనుషులుగా బతకాలన్నది వాళ్ళ విశ్వాసంలోంచే పుట్టింది. 1891లో పోప్ పదమూడో లియో కూడా కార్మికుల గురించి రాసిన లేఖలో, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన జీతం న్యాయమైపోదు, అది కార్మికుడి బతుకుకు సరిపోవాలి అన్నారు.

ఆరేళ్ళ_ఉద్యోగిని

కేడ్‌బరీలో పెళ్ళైన ఆడవాళ్ళు ఉద్యోగం మానేయాలన్న నియమం కూడా చాలాకాలం ఉండేదని చదివాను. మంచి ఇళ్ళు ఇచ్చినవాళ్ళే అది కూడా పెట్టారు. మేలు చేసేవాళ్ళు మమ్మల్ని అడిగి చేస్తే బాగుంటుంది.

కొత్త_యజమాని

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. అన్నీ చదివాను, కొన్ని పదిసార్లు చదివాను.

తమ్ముడితో మాట్లాడాను. తలుపు వేసి, మూడు ఫైళ్ళు ముందు పెట్టి చూపించాను. అతను చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత, "అన్నా, ఏడాదిన్నర నుంచి నేను బాగానే చేస్తున్నాననుకున్నాను, ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడగాల్సింది నేనే అయింది. అంకెల పని తనకు మొదటి నుంచీ భయమేననీ, క్లయింట్లతో మాట్లాడే పని ఉంటే చేయాలని ఉందనీ అప్పుడు చెప్పాడు. మూడు నెలలు ఆ పని ఇచ్చి చూస్తున్నాను. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు నేనే అతనితో కూర్చుంటున్నాను. కుదరకపోతే ఏం జరుగుతుందో కూడా ముందే రాసిచ్చాను. అతని ఫైళ్ళు చూసిన ఇద్దరికీ ఇన్ని నెలల ఓవర్‌టైమ్ లెక్కగట్టి నా వాటాలోంచి ఇచ్చాను.

ఆవిడకు ఉద్యోగం ఇచ్చాను. పొద్దున ప్రార్థనను పని టైముకు అరగంట ముందుకు జరిపాను, వచ్చినవాళ్ళ లెక్క ఎవరూ చూడకూడదని చెప్పాను. కానీ చెల్లి రాసింది చదివాక ఒక సందేహం పోవడం లేదు. యజమానిగా నేనే ఆ గదిలో కూర్చుని ఉన్నంతసేపు, ఎవరు వచ్చారో నేను చూడకుండా ఉండగలనా? ప్రార్థన నడపడం ఇంకొకరికి అప్పగించి నేను ఇంట్లోనే చేసుకుని రావాలా? దీని మీద మీ మాట కావాలి, ముఖ్యంగా ఆరేళ్ళ_ఉద్యోగిని గారిది.