‘రక్తస్రావ నివారణ మాత్ర’ అనవచ్చా?

అబార్షన్ సమ్మతి పత్రం తెలుగులో రాస్తూ, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్రకు ఈ మాట సరైనదేనా అని అడిగారు. నాకు బొత్తిగా సమ్మతం కాదు. ‘నివారణ’ అని చదివిన మనిషి ఇక నెత్తురు పోదనే అనుకుంటుంది. కానీ ఈ మాత్ర చేసే పని వేరు. అది గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరిచి కాస్త తెరుచుకునేలా చేస్తుంది, గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. ముఖద్వారం మెత్తబడితే పరికరం సులువుగా వెళుతుంది, చీలిక పడే ప్రమాదం తగ్గుతుంది. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటే రక్తనాళాలు నొక్కుకుపోయి నెత్తురు తక్కువ పోతుంది. అయితే ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్లే ముందే, మాత్ర వేసుకున్న కాసేపటికే కొద్దిగా నెత్తురు కనబడవచ్చు. నివారణ మాత్ర వేసుకున్నాను కదా, ఇదేమిటి అని ఆమె హడలిపోదా?

అందుకే ‘గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరిచే మాత్ర’ అని రాయండి. పొడుగైనా పరవాలేదు. ఆ ముఖద్వారాన్నే ‘గర్భాశయ గ్రీవం’ అనడం పాఠ్యపుస్తకానికే వదిలేయండి.

‘అబార్షన్’ బదులు ‘గర్భస్రావం’ అంటే చాలని ఒకరన్నారు. చాలదు. దానంతటదే పోయినా, తీయించుకున్నా ఆ మాటే వాడతారు. చట్టాల్లోనూ మాటలు వేరు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావం కలిగించడాన్ని నేరంగా చెప్పింది. 1971 చట్టం అర్హులైన వైద్యుల చేతుల మీదుగా, నిర్ణీత షరతులతో జరిగే గర్భవిచ్ఛిత్తికి అనుమతించింది. మన ఇళ్లలో ‘కడుపు పోయింది’ వేరు, ‘కడుపు తీయించుకుంది’ వేరు. పత్రంలో ‘అబార్షన్’ అనే రాస్తే అందరికీ తెలుస్తుంది.

ఇక మోతాదు. సాధారణంగా 400 మైక్రోగ్రాములు, అంటే 200 మైక్రోగ్రాముల మాత్రలు రెండు. నాలుక కింద అయితే ఒకటి రెండు గంటల ముందు. ‘మింగండి’ అని రాస్తే తప్పు. ‘నాలుక కింద పెట్టుకుని కరగనివ్వండి’ అనాలి. ఈ ఒక్క క్రియాపదం మీద చాలా ఆధారపడి ఉంది, దయచేసి అశ్రద్ధ చేయకండి. డాక్టరు చెప్పిన వేళకే అని కూడా చేర్చండి.

దుష్ప్రభావాల దగ్గర ‘చలిజ్వరం’ కొట్టేయండి, మలేరియా గుర్తొస్తుంది. ‘చలి, వణుకు, కాస్త ఒళ్లు వెచ్చబడటం, పొత్తికడుపులో నెలసరి నొప్పి లాంటి నొప్పి, విరేచనాలు’ అనండి. దాని కిందే పెద్ద అక్షరాలతో: ‘నెత్తురు ఎక్కువగా పోతున్నట్టు అనిపిస్తే వెంటనే నర్సును పిలవండి.’