కొత్త తోలు బూట్లకి ఆముదం: పట్టించాలా, వద్దా?

షిఫ్టు_బి (విశాఖ)
పోయిన నెల జీతంలో ఏడు వేలు పెట్టి తోలు బూట్లు కొన్నాను. చీలమండ పైదాకా వచ్చే రకం, గోధుమ రంగు, అట్టకి చుట్టూ వెల్ట్ కుట్టు, అంటే పైతోలునీ అట్టనీ కలిపే తోలు పట్టీ. డ్యూటీకి కాదు, బండి మీద తిరగడానికి. మూడో రోజుకే రెండు మడమల మీదా రూపాయి బిళ్ళంత బొబ్బలు లేచాయి. ఎడమది పగిలి సాక్సుకి అంటుకుపోయింది. మా నాన్న చూసి, "కొత్త చెప్పు కరవకుండా ఉంటుందా? రాత్రికి ఆముదం పట్టించి వదిలెయ్, మెత్తబడతాయి" అంటున్నారు. షాపు కుర్రాడేమో నూనె తగిలితే వారంటీ పోతుందన్నాడు. ఎవరి మాట వినాలి? ఆముదం సీసా బల్ల మీదే ఉంది.

పాతచెప్పు (పల్నాడు)
నాన్నగారి మాట వినండి. మా తాత కిర్రు చెప్పులు ఊళ్ళోనే కొలతిచ్చి కుట్టించుకునేవాడు. తెచ్చిన రోజు వాటిని తొడిగితే ఒట్టు! ముందు ఆముదం రాసి, రెండు రోజులు నీడన పెట్టి, మళ్ళీ రాసి, అప్పుడు కాలికేసేవాడు. నల్లరేగడి బురద, మే నెల ఎండ, రెండూ చూశాయవి. ఏళ్ళ తరబడి వచ్చాయి. ఇప్పుడు బొటనవేలంత డబ్బాలో క్రీము పోసి ఐదొందలంటున్నారు. పెద్దవాళ్ళకి తెలియదా?

రాణిపేట_రిటర్న్
పాతచెప్పు గారూ, మీ తాతగారు చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ ఆ తోలు వేరు, ఈ తోలు వేరు. పద్నాలుగేళ్ళు తమిళనాడులోని రాణిపేట, ఆంబూరులో తోళ్ళు ఊనే టానరీల్లో చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఊనడమంటే పచ్చి చర్మాన్ని కుళ్ళిపోని తోలుగా మార్చడం. మన ఊళ్ళలో తోలు ఊనింది తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో, కరక్కాయతో. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పమని, బతుకమ్మలో పేరుస్తామని మనం మురిసిపోయే తంగేడే, దాని బెరడే. తొట్టెల్లో వారాలకి వారాలు నానేది. అలా వచ్చిన తోలు బిర్రుగా, పొడిగా ఉంటుంది. నూనె తాగుతుంది, తాగాలి కూడా. లేకపోతే పగులుతుంది.

ఫ్యాక్టరీ బూటు పైతోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో, అంటే మా భాషలో క్రోమ్‌తో ఊనింది. తొట్టెలు కాదు, తిరిగే పీపాలు. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. పీపాలోంచి తీసినప్పుడు తోలు లేత నీలంగా ఉంటుంది, అందుకే దాన్ని వెట్ బ్లూ అంటాం. ఆ తర్వాత ఇంకో పీపాలో దానికి నూనె పట్టిస్తారు. అంటే మీ బూటు షాపుకి రాకముందే నూనె తాగి వచ్చింది. పైన మీరు ఆముదం పోస్తే అది ఎక్కడికి పోతుంది? ఆముదం ఆరే నూనె కాదు. జిగురుగా పైనే కూర్చుంటుంది, దుమ్ము పడుతుంది, పాలిష్ పట్టదు, రంగు ముదురుతుంది. ముదిరిన రంగు వెనక్కి రాదు.

అసలు సంగతి ఇంకొకటుంది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, చెక్కలా తగులుతుంది. అది తోలు కాదు. పైతోలుకీ లోపలి అస్తరుకీ మధ్య దూర్చిన గట్టి అట్ట, కౌంటర్ అంటారు. మిమ్మల్ని కరుస్తున్నది అదే. పైన ఎంత నూనె రాసినా దానికి అందదు. అది మీ మడమ వేడికీ నడకకీ మెల్లగా లొంగాలి.

మీది ఏ తోలో తెలుసుకోవాలంటే లేసు విప్పి దాని కింద ఉండే తోలు నాలిక అంచు చూడండి, కోసిన చోటు. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు ఉంటే క్రోమ్. అంచుదాకా గోధుమ రంగే ఉంటే చెట్టు చెక్కతో ఊనింది కావచ్చు, లేదా లోపలిదాకా రంగు వేసిన క్రోమ్ కావచ్చు.

పాతచెప్పు (పల్నాడు)
సార్, అంతా బాగానే ఉంది. టానరీ పీపాల్లో పోసే టర్కీ రెడ్ ఆయిల్ దేంతో చేస్తారు? ఆముదంతోనే కదా! మీరు పోస్తే సైన్సు, మేం రాస్తే మూఢనమ్మకమా?

రాణిపేట_రిటర్న్
హహ, దొరికిపోయాను. ఆముదంతోనే. కానీ గంధకామ్లంతో కలిపి మార్చిన ఆముదం అది. నీళ్ళలో కలుస్తుంది, కాబట్టే తడి తోలు లోపలికి సమంగా వెళ్తుంది. మీ సీసాలోది నీళ్ళని చూస్తే ఆముదం తాగిన ముఖం పెడుతుంది.

మంచులో_మాధవి (మినియాపొలిస్)
నూనె అంటేనే తప్పన్నట్టు మాట్లాడకండి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బూట్ల మీద తెల్లటి అలల్లా మరకలు, కిందంతా ఎండి బిరుసెక్కడం. నేను వెనిగర్ కలిపిన నీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరాక తోలుకి రాసే కండిషనర్ క్రీము పల్చగా రాస్తాను, సీజనుకి రెండుసార్లు. మొదటి ఏడాది తెలివి మీరి అమ్మ పంపిన కొబ్బరినూనె రాశాను. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుందని జుట్టు విషయంలో తెలుసు, బూట్ల విషయంలో తట్టలేదు. గరాజులో పొద్దున చూస్తే కుట్ల వెంబడి తెల్లటి పొర, ముగ్గు పెట్టినట్టు!

ఇంకో మాట. బూట్లు నీళ్ళలో ముంచి, తొడుక్కుని ఆరేదాకా నడవమని సిపాయిల చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. వెల్ట్ బూటుకి చెయ్యకండి. లోపలి అట్ట మెలితిరుగుతుంది.

బందోబస్తు_బాబాయ్ (ఖమ్మం)
ట్రైనింగులో మాకు ఆముదమూ లేదు, క్రీమూ లేదు. లోపల పల్చటి సాక్సు, పైన మందంది. రాపిడి రెండు సాక్సుల మధ్య జరుగుతుంది, చర్మానికి తగలదు. తమ్ముడూ, రోజుకో గంట ఇంట్లో తిరుగు, లేసు చీలమండ దగ్గర బిగించు. మడమ లోపల పైకీ కిందకీ జారుతుంటేనే బొబ్బ. వేళ్ళు ముందు తగులుతుంటే మాత్రం అది సైజు తప్పు, ఏ నూనే బాగుచెయ్యదు, మార్చుకో. విశాఖ గాలికి బీరువాలో పెట్టకు, బూజు పడుతుంది. తడిస్తే పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టు, పొయ్యి దగ్గర కాదు.

షిఫ్టు_బి (విశాఖ)
మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ జవాబులు వచ్చేసరికే నాన్న ఎడమ బూటుకి ఆముదం పట్టించేశారు! కుడిది నేను లాక్కున్నాను. నాలిక అంచు చూశాను, బూడిద నీలమే.

బాబాయ్ గారి రెండు సాక్సులతో రోజూ గంట నడిచాను. పది రోజులకి మడమ నొప్పి తగ్గింది, రెండు కాళ్ళకీ ఒకేసారి. ఆముదం తాగిన కాలు ముందేమీ బాగుపడలేదు. కానీ నిజం చెప్పాలంటే వేళ్ళ దగ్గర మడత పడే చోట ఎడమది మెత్తగా ఉంది.

పాతచెప్పు (పల్నాడు)
మెత్తబడిందని మీరే అన్నారు. నేను వేరే ఏమన్నాను?

రాణిపేట_రిటర్న్
మెత్తబడటం గురించి కాదు కదా ప్రశ్న, కరవడం గురించి. రంగు సంగతి చెప్పలేదేం బాబూ?

షిఫ్టు_బి (విశాఖ)
అక్కడికే వస్తున్నా సార్. ఎడమది కాఫీ డికాషన్ రంగు, కుడిది బిస్కెట్ రంగు. బీచ్ రోడ్డులో బండి ఆపితే జనం ఒక కాలు చూసి రెండో కాలు చూస్తున్నారు. సీసాలో ఇంకా సగం ఉంది, రెండోదానికీ పట్టిస్తే సరిపోతుందిగా అంటున్నారు నాన్న.