బ్రేకియల్ ప్లెక్సస్: బొమ్మ గీయగలుగుతున్నాను, చేయి మాత్రం అర్థం కావడం లేదు. మీరు ఎలా నేర్చుకున్నారు?

మొదటి సంవత్సరం వైద్య విద్యార్థిని

అందరికీ నమస్కారం. భుజానికీ చేతికీ వెళ్ళే నాడుల అల్లిక అయిన బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మను నేను ఇప్పుడు కళ్ళు మూసుకుని గీయగలను. వెన్నుపాము నుండి వచ్చే ఐదు రూట్లు, అవి కలిసి ఏర్పడే మూడు ట్రంకులు, అవి చీలి వచ్చే ఆరు డివిజన్లు, అవి మళ్ళీ కలిసి ఏర్పడే మూడు కార్డులు, చివరికి ఐదు పెద్ద నాడులు, అన్నీ వరుసగా గుర్తుకు వస్తాయి. అయితే గత వారం డిసెక్షన్ హాలులో ఛాతీ ముందున్న పెక్టొరాలిస్ మైనర్ కండరాన్ని తొలగించి చంకలోకి చూసినప్పుడు, ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఆ తెల్లని తాళ్ళలో ఏది ఏ కార్డో చెప్పలేక నిలబడిపోయాను. మరునాడు మౌఖిక పరీక్షలో మరో ప్రశ్న ఎదురైంది. చిటికెన వేలితో పాటు ముంజేతి లోపలి అంచు కూడా మొద్దుబారిన రోగికి మోచేతి దగ్గర, చిటికెన వేలి వైపు దిగే అల్నార్ నాడి దెబ్బతిన్నదని చెప్పవచ్చునా అని అడిగారు. చెప్పవచ్చునన్నాను. అది తప్పని మాత్రం చెప్పి, కారణం చెప్పకుండానే తరువాతి విద్యార్థిని పిలిచారు. ఈ అల్లిక మీకు ఎప్పుడు, ఎలా అర్థమయిందో దయచేసి వ్రాయండి.

అనాటమీ బోధకుడు

బొమ్మను ఎప్పుడూ మెడ నుండి చేతి వైపుకే చదివే అలవాటు ఈ ఇబ్బందికి మూలమని నా అభిప్రాయం. చంకలో దానిని చేతి నుండి మెడ వైపుకు చదవాలి. దండచేతి పైభాగంలోని కొరాకోబ్రేకియాలిస్ కండరాన్ని తొలుచుకుని లోపలికి దూరే నాడి మస్కులోక్యుటేనియస్. దానిని పట్టుకుని పైకి వెళ్తే చేరేది లాటరల్, అంటే బయటి వైపు, కార్డు. ఆ కార్డు నుండి దిగే ఇంకొక పాయ, మీడియల్, అంటే లోపలి వైపు, కార్డు నుండి వచ్చే పాయతో చంకలోని యాక్సిలరీ ధమని ముందు కలిసి మీడియన్ నాడి అవుతుంది. మీడియల్ కార్డులో మిగిలినది అల్నార్ నాడిగా సాగుతుంది. ఈ మూడింటితో ధమని ముందు ఎమ్ అక్షరం ఆకారం ఏర్పడుతుంది కనుక, ముందు ఆ అక్షరాన్ని వెతకండి. తరువాత ధమనిని వేలితో మెల్లగా ముందుకు ఎత్తండి. వెనక దొరికేది పోస్టీరియర్ కార్డు. దాని నుండి కిందికి సాగే లావైన నాడి రేడియల్, భుజం వెనక్కి తిరిగిపోయేది యాక్సిలరీ నాడి.

కార్డుల పేర్లు పెక్టొరాలిస్ మైనర్ వెనకనున్న ధమని రెండో భాగాన్ని బట్టి పెట్టినవి అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అంతకు పైన, మొదటి భాగం దగ్గర వెతికితే మీడియల్ కార్డు ధమనికి లోపలి వైపున కాక వెనకనే కనిపిస్తుంది. విద్యార్థులు తికమక పడేది చాలాసార్లు ఇక్కడే.

ఇక డివిజన్ల విషయం. వాటి నుండి పేరున్న కొమ్మలేవీ పుట్టవు కనుక అందరూ వాటిని దాటిపోతారు, కానీ ఈ అల్లికలో జరిగే అసలైన పని అక్కడే, కాలర్‌బోను వెనక జరుగుతుంది. ప్రతి ట్రంకూ ముందు పాయగా, వెనక పాయగా చీలుతుంది. మూడు వెనక పాయలూ కలిసి పోస్టీరియర్ కార్డు అవుతాయి కనుక మోచేతిని, మణికట్టును, వేళ్ళను చాచే కండరాలన్నింటికీ నాడులు అక్కడి నుండే వస్తాయి. పై రెండు ట్రంకుల ముందు పాయలు లాటరల్ కార్డుగా, కింది ట్రంకు ముందు పాయ మీడియల్ కార్డుగా మారి వంచే కండరాలకు వెళ్తాయి. పిండంలో చేయి మొగ్గలా పుట్టినప్పుడే దాని కండరాలు ముందు గుంపు, వెనక గుంపు అని విడిపోతాయి. నాడులు ఆ విభజననే అనుసరిస్తాయి. ముంజేతిలోని బ్రేకియోరేడియాలిస్ కండరం మోచేతిని వంచేదయినా రేడియల్ నాడి కిందికి రావడానికి కారణం, అది వెనక గుంపులో పుట్టడమే.

నాడీ వైద్యంలో శిక్షణ పొందుతున్న వైద్యుడు

మౌఖిక పరీక్షలో చెప్పకుండా వదిలిన కారణం చెప్తాను. నాకు ఈ అల్లిక అర్థమయింది సరిగ్గా ఆ ప్రశ్నతోనే. ముంజేతి లోపలి అంచు చర్మానికి స్పర్శనిచ్చేది అల్నార్ నాడి కాదు. మీడియల్ కార్డు నుండి చంకలోనే విడిగా పుట్టి దిగే ముంజేతి మీడియల్ చర్మనాడి ఆ పని చేస్తుంది. అల్నార్ నాడి స్పర్శ చేతిలోనే, దాదాపు మణికట్టు ముడత దగ్గరే ఆగిపోతుంది. కనుక మోచేతి దగ్గర అల్నార్ నాడి నలిగితే చిటికెన వేలు, ఉంగరం వేలులో సగం మొద్దుబారతాయి, ముంజేయి మామూలుగానే ఉంటుంది. ముంజేయి కూడా మొద్దుబారిందంటే దెబ్బ రెండు నాడులూ కలిసి ఉన్న చోట, అంటే మీడియల్ కార్డు దగ్గరో, కింది ట్రంకు దగ్గరో, సి8, టి1 రూట్ల (మెడలోని ఎనిమిదో, ఛాతీలోని మొదటి వెన్ను నాడుల) దగ్గరో తగిలి ఉండాలి.

తరువాత బొటనవేలిని అరచేతికి లంబంగా పైకి ఎత్తమనండి. ఆ కండరానికి నాడి మీడియన్‌ది, రూట్లు మాత్రం సి8, టి1. అదీ బలహీనపడితే దెబ్బ అల్నార్ నాడిలో ఒక్కదానిలోనే లేదని తేలుతుంది. చివరగా కళ్ళు చూడండి. అదే వైపు కనుపాప చిన్నదై, పై రెప్ప కొద్దిగా వాలి ఉంటే దెబ్బ టి1 రూటు మొదట్లోనే, వెన్నుపామును ఆనుకునే ఉన్నట్టు, ఎందుకంటే కంటికి వెళ్ళి కనుపాపను, పై రెప్పను అదుపు చేసే సింపథెటిక్ తంతువులు టి1 రూటుతోనే బయటికి వచ్చి ఆ వెంటనే విడిపోతాయి. చేయి పడిపోయిన రోగి కంటిలో ఈ గుర్తు కనబడటానికి కారణాన్ని వివరించినది ఆగస్టా క్లుంప్కే. 1885లో ఆ వ్యాసం ప్రచురించేనాటికి ఆమె ఇంకా వైద్య విద్యార్థినే. ఈ ప్రశ్నను అడిగిన మీకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

నేను ప్రతి కొమ్మనూ అది ఎక్కడికి వెళ్తుందన్న దానికంటే ఎక్కడ విడిపోతుందన్న దానితోనే గుర్తుపెట్టుకుంటాను.

పై ట్రంకు తెగిన వ్యక్తి

నేను వైద్యరంగానికి చెందినవాడిని కాను. మూడేళ్ళ క్రితం మోటారు సైకిల్ ప్రమాదంలో తల ఒక వైపుకు, భుజం మరో వైపుకు సాగిపోయేలా పడ్డాను. మరునాటికి కుడి భుజం ఎత్తలేకపోయాను, మోచేయి వంగలేదు, ముంజేతి బయటి వైపు మొద్దుబారింది. వేళ్ళు మాత్రం చక్కగా కదిలేవి. మొదట చూసిన వైద్యుడు నన్ను ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకోమని, గోడకు ఆనించి నెట్టమన్నాడు, తరువాత రెండు భుజాలనూ వెనక్కి దగ్గరకు లాగమన్నాడు. చేయి కదలని మనిషితో వీపు కసరత్తు ఎందుకు చేయిస్తున్నాడో నాకు అప్పుడు తెలియలేదు. పైన చెప్పిన మాట, ఎక్కడ విడిపోతుందో చూడాలన్నది, చదివాక అతను ఏమి వెతికాడో తెలిసింది. ఎవరైనా దీనిని వివరంగా వ్రాస్తే నాలాంటి వారికి మేలు జరుగుతుంది.

శస్త్రచికిత్స ఐదో నెలలో జరిగింది. అల్నార్ నాడిలోని ఒక చిన్న కట్టను తీసి మోచేతిని వంచే బైసెప్స్‌కు వెళ్ళే కొమ్మకు కుట్టారు. సుమారు నాలుగు నెలల తరువాత మొదటి కదలిక వచ్చింది, అదీ మణికట్టును లోపలికి వంచినప్పుడే. మణికట్టును వంచాలని ఆలోచిస్తే మోచేయి వంగేది. ఇప్పుడు ఆ రెండింటినీ విడదీసి కదపగలుగుతున్నాను. కంచం పట్టుకుని నోటి దాకా ఎత్తిన మొదటి రోజు ఇంట్లో అందరం ఏడ్చాము.

నాడీ వైద్యంలో శిక్షణ పొందుతున్న వైద్యుడు

మీ అనుభవం పంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఆ వైద్యుడు మీ రూట్లు వెన్నుపాము నుండి ఊడిపోయాయా, లేక ఇంకాస్త కిందుగా తెగాయా అని తెలుసుకోవాలనుకున్నారు. గోడను నెట్టేటప్పుడు స్కాపులా అనే రెక్క ఎముకను ఛాతీకి అదిమి ఉంచేది సెరేటస్ యాంటీరియర్ కండరం. దాని లాంగ్ థొరాసిక్ నాడి సి5, సి6, సి7 రూట్ల నుండే నేరుగా పుడుతుంది. భుజాలను వెనక్కి లాగే రాంబాయిడ్ కండరాల నాడి సి5 రూటు నుండే పుడుతుంది. ట్రంకు ఏర్పడక ముందే ఈ రెండూ విడిపోతాయి కనుక, అవి పనిచేస్తూ భుజం, మోచేయి మాత్రమే పడిపోతే దెబ్బ ట్రంకులో ఉందని ఊహించవచ్చు. అవీ పోతే రూటే ఊడిందేమోనని భయపడాలి. ఊడిన రూటుకు అతుకు వేయడానికి వెన్నుపాము వైపు చివర మిగలదు. అప్పుడు వేరే నాడి నుండి దారి మళ్ళించడమే మార్గం.

మీకు చేసిన చికిత్సను ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఓబర్లిన్ 1994లో వివరించారు. కుట్టు కండరానికి చాలా దగ్గరగా పడటం అందులోని మేలు. తెగిన నాడి రోజుకు ఇంచుమించు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, నాడి అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి స్పందించే శక్తిని కోల్పోతుంది. మెడ దగ్గర కుట్టి చేతి దాకా పెరిగే వరకు ఎదురుచూడటం కంటే ఇది నయం. ఇటువంటి గాయం తగిలిన వారు, దానంతట అదే తగ్గుతుందేమోనని నెలలు గడపకుండా, తొలి వారాల్లోనే నాడీ శస్త్రచికిత్స చేసేవారిని కలవాలని నా మనవి.

మత్తు వైద్యురాలు

నేను ఈ అల్లికను సూదితో నేర్చుకున్నాను. మెడలో స్కేలీన్ కండరాల మధ్య మందు ఇస్తే భుజం పూర్తిగా మొద్దుబారుతుంది, కానీ కింది ట్రంకు చాలాసార్లు తప్పించుకుంటుంది కనుక చిటికెన వేలికి శస్త్రచికిత్స చేయాలంటే ఆ చోటు పనికిరాదు. పక్కనే స్కేలీన్ కండరం మీద ఊపిరి తీయించే డయాఫ్రం కండరానికి వెళ్ళే ఫ్రెనిక్ నాడి ఉండటం వల్ల ఆ వైపు డయాఫ్రం కూడా కొంతసేపు పడిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి అందుకే నేను ఆ చోటును ఎంచుకోను. చంకలో మందు ఇచ్చేటప్పుడు మస్కులోక్యుటేనియస్ నాడి అప్పటికే కొరాకోబ్రేకియాలిస్‌లోకి వెళ్ళిపోయి ఉంటుంది. దానికి విడిగా మందు వేయకపోతే ముంజేతి బయటి అంచుకు కత్తి తగలగానే రోగి ఉలిక్కిపడతాడు.

ఇంకొక మాట. చంకకు దగ్గరగా, దండచేతి లోపలి చర్మానికి టి2 నుండి వచ్చే ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నాడి కూడా స్పర్శనిస్తుంది. అది ఈ అల్లికలోనిది కాదు. ఎంత చక్కగా ప్లెక్సస్‌కు మందు ఇచ్చినా ఆ చోటు తెలుస్తూనే ఉంటుంది. బొమ్మలో లేని నాడిని నేను మరువకపోవడానికి కారణం, తొలినాళ్ళలో ఆ నొప్పితో బాధపడిన ఒక రోగి.

ఫిజియోథెరపిస్టు

పరీక్ష చేసేటప్పుడు మోసపోయే చోట్లు రెండు చెప్తాను. రేడియల్ నాడి దెబ్బతిని మణికట్టు వాలిపోయిన రోగికి పిడికిలి కూడా బలహీనంగా కనిపిస్తుంది, వేళ్ళను విడదీయడమూ సరిగ్గా రాదు. దానిని చూసి మీడియన్, అల్నార్ నాడులు కూడా దెబ్బతిన్నాయని వ్రాసిన కాగితాలు నా దగ్గరకు వస్తుంటాయి. మణికట్టును మీరే పైకి ఎత్తి పట్టుకుని పిడికిలి బిగించమనండి, అరచేతిని బల్ల మీద పరచి వేళ్ళు విడదీయమనండి, అప్పుడు నిజమైన బలం తెలుస్తుంది. రేడియల్ నాడికి దెబ్బ చంకలోనో, దండచేతి ఎముక వెనక అది సాగే గాడిలోనో తేల్చుకోవడానికి మోచేతిని చాచే ట్రైసెప్స్‌ను చూడండి. దాని కొమ్మలలో ముఖ్యమైనవి గాడికి పైనే విడిపోతాయి కనుక గాడిలో దెబ్బ తగిలినవారు మోచేతిని చాలావరకు చాచగలుగుతారు.

రెండోది డెల్టాయిడ్, భుజాన్ని కప్పి ఉండే కండరం; దానికి నాడి యాక్సిలరీ. భుజం కీలు తప్పినప్పుడు యాక్సిలరీ నాడి సాగిపోవచ్చు. అయితే చేయి ఎత్తగలుగుతున్నాడు కనుక నాడి బాగుందనుకోకూడదు. రెక్క ఎముక పైభాగంలోని సుప్రాస్పైనేటస్ కండరం సాయంతో, రెక్క ఎముకను తిప్పుకుంటూ కొందరు చేతిని బాగానే ఎత్తుతారు. భుజం మీద చేయి వేసి కండరం బిగుస్తోందో లేదో తడిమి చూడటమే నేను నమ్మే పరీక్ష.

మొదటి సంవత్సరం వైద్య విద్యార్థిని

మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న చెప్పినట్టే చేతి వైపు నుండి మొదలుపెట్టాను. కుడి చంకలో ఎమ్ అక్షరం దొరికింది, పోస్టీరియర్ కార్డునూ గుర్తించాను. ఎడమ వైపున మాత్రం కొరాకోబ్రేకియాలిస్‌ను తొలిచే నాడి ఎంత వెతికినా కనబడలేదు. బైసెప్స్‌కు కొమ్మ మీడియన్ నాడి నుండే వెళ్తోంది. నేను కోసేటప్పుడు తెంచేశానేమోనని భయంగా ఉంది.

అనాటమీ బోధకుడు

మీరు తెంచి ఉండకపోవచ్చు. మస్కులోక్యుటేనియస్ నాడి విడిగా ఏర్పడక, దాని తంతువులు మీడియన్ నాడితో కలిసి దిగి బైసెప్స్, బ్రేకియాలిస్‌లకు కొమ్మలిచ్చే అమరిక కొందరిలో ఉంటుంది. లాటరల్ కార్డు నుండి కొరాకోబ్రేకియాలిస్‌కు సన్నని కొమ్మ ఒకటి నేరుగా వెళ్తోందేమో చూడండి. తెగిన చివర ఏదీ కనబడకపోతే, ఇంకేమీ కోయకుండా మీ బోధకులను పిలిచి చూపించండి.