ప్లాటు వెనుక నాలా ఉంటే ఎంత స్థలం వదలాలి?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మేము కొనదలచిన ప్లాటు వెనుక సుమారు 6 మీటర్ల వెడల్పున వాననీటి నాలా ఉంది. వేసవిలో ఎండిపోయి తుమ్మచెట్లతో నిండిన ఆ నాలాలో పైపు వేసి పైన పూడ్చుకోవచ్చని అమ్మకందారు చెబుతున్నారు. ఇది నిబంధనలకు లోబడినదేనా?

జవాబు: కాదండీ. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు దాని హద్దు నుంచి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు.

మరో జవాబు: వేసవిలో చూసి నిర్ణయించుకోకండి. మా వీధిలో ఇలాగే పైపు వేసిన చోట, మొదటి గట్టి వానకే చెత్త అడ్డుపడి నీరు మెట్లెక్కి గడప దాటింది. గ్రామ నక్షాలో నాలా ఎలా ఉందో చూసి, సర్వేయరుతో హద్దు కొలిపించుకున్నాకే బయానా ఇవ్వండి.

అడిగినవారు: ధన్యవాదాలండీ. బయానా ఆపి, నక్షా నకలుకు దరఖాస్తు చేస్తాను.