«పాలివారిఁ జేరి వాడె పుంత»: వాడెనా, వీడెనా?

కృత్తిక: గెలాక్సీ క్లస్టర్ల (గెలాక్సీల గుంపుల) మీద ఒక వ్యాసం చివర ఉన్న ఆటవెలది. ఆఖరి పాదం మాత్రం «పాలివారిఁ జేరి వాడె పుంత» అని గుర్తు. «వీడె పుంత» అని కూడా నోట ఆడుతోంది. పుంత అంటే ఇందులో గెలాక్సీయే. ఏది సరైన పాఠం? మొదటి మూడు పాదాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

గణవిభజన: యతి చూడండి, తేలిపోతుంది. ఐదు గణాలూ గలాలే (గురువు, లఘువు). నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. పా–వా కుదిరింది. పా–వీ కుదరదు, హల్లుకు మైత్రి ఉన్నా అచ్చుకు లేదు. వాడె.

ముత్యాలసరం: ఆటవెలదిలో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది కదండీ. పాలి–వీడె: మొదటివి రెండూ గురువులు, రెండోవి ల, డ. లడలకు అభేదం. వీడె కూడా నిలుస్తుంది.

గణవిభజన: లడల అభేదం ప్రాసలో సరే. నిక్కమైన యతి చేతిలో ఉండగా ప్రాసయతికి దాన్ని ఈడ్చుకురావడం ఎందుకు?

ధ్రువతార: అర్థాన్ని బట్టి వీడె. క్లస్టర్లో గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంటుంది. లీటరుకు ఒక కణం అటూ ఇటూగా, అంత పలచన. కానీ అందులోకి ఒక గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తే ఎదురొత్తిడి సాంద్రత × వేగం వర్గం. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గెలాక్సీ పళ్లెం గురుత్వం పట్టి ఉంచే బలాన్ని అది మించిన చోట గెలాక్సీ వాయువు ఊడిపోతుంది. ఖగోళ శాస్త్రవేత్తలు గన్, గాట్ 1972లో చెప్పిన లెక్క ఇదే. పట్టు అంచుల్లో తక్కువ కాబట్టి ముందు అంచులే ఖాళీ అవుతాయి. కన్యారాశి క్లస్టర్లో ఎన్‌జీసీ 4522 గెలాక్సీని చూడండి: నక్షత్రాల పళ్లెం చెక్కుచెదరలేదు, వాయువు నడిమికి కుదించుకుపోయింది. నార్మా క్లస్టర్లో ఈఎస్‌ఓ 137-001 గెలాక్సీ నుంచి ఊడిన వాయువు తోక రెండు లక్షల కాంతి సంవత్సరాలకు పైనే. కొప్పు వీడినట్టు ఉంటుంది. «వీడె»కు అంతకంటే ఏం కావాలి?

చిత్రభాను: అది కొన్ని పదుల కోట్ల ఏళ్లలో ముగిసే పని. చాలా గెలాక్సీలు అలా పోవు. బయటి నుంచి వచ్చే చల్లని వాయువు ఆగిపోతుంది, ఉన్నదాంతోనే నక్షత్రాలు పుడుతూ పోతాయి. పలచన చేసే తాజా వాయువు రాక లోహాల (హైడ్రోజన్, హీలియం కంటే బరువైన మూలకాల) పాలు పెరుగుతుంది. అందుకే ఒకే ద్రవ్యరాశి ఉన్నవాటిలో చల్లారిన (నక్షత్రాలు పుట్టడం ఆగిన) గెలాక్సీల నక్షత్రాల్లో లోహాలు ఎక్కువ. వాయువు ఒక్కసారిగా ఊడ్చుకుపోయి ఉంటే ఈ తేడా కనిపించదు. 2015లో ఖగోళ శాస్త్రవేత్తలు పెంగ్, మయోలినో, కాక్రేన్ లెక్కకట్టిన గడువు సుమారు 400 కోట్ల ఏళ్లు. ఇది వాడటమే.

ధ్రువతార: ఆ లెక్క గెలాక్సీలన్నిటికీ కలిపి. పద్యంలో «పాలివారిఁ జేరి» అని ఉంది, అంటే క్లస్టర్లో పడ్డదాని సంగతి. పైగా ఊడిన తోకలోనూ నక్షత్రాలు పుడతాయి. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ అతినీలలోహిత దుర్భిణి అబెల్ 85 క్లస్టర్లోని జేఓ201 గెలాక్సీ తోకలో వాటినే పట్టింది. వాడినదానికి చిగుళ్లా?

చిత్రభాను: పళ్లెం కంటే ముందు ఊడేది చుట్టూ ఉన్న పలచని వేడి వాయువు. అది పోతేనే మేత ఆగుతుంది. వీడి, ఆనక వాడింది.

గోదారిగట్టు: పుంత సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వైపు పుంత అంటే చేల మధ్య బండ్లు పోయే దారి. పాలపుంత మన గెలాక్సీ ఒక్కదాని పేరు, ఆకాశంలో దారిలా కనిపిస్తుంది కాబట్టి. కన్యారాశిలోదాన్ని పుంత అనడం నాకు మింగుడుపడదు. దారి వాడుతుందా అసలు?

ముత్యాలసరం: పోతన «నభోవీధి» కూడా దారే కదా. అది పాలపుంతేనని నా నమ్మకం.

గణవిభజన: కుదరదండీ. «ఇంతింతై»లో వటుడు నభోవీధి దాటాకే తోయదమండలం వస్తుంది. మబ్బుల కింద పాలపుంతా? ఆ మెట్లన్నీ వరసగా పైకే. ప్రభారాశి తర్వాత చంద్రుడిని పెట్టాడు. భాగవతం లెక్కలో సూర్యుడికంటే చంద్రుడు పైన కాబట్టి ప్రభారాశి సూర్యుడే.

ముత్యాలసరం: వీధి అంటే వరుస అని కూడా అర్థం ఉంది. నక్షత్రవీధి అంటాం. మెట్ల లెక్క ఒక్కటే చాలదు.

కృత్తిక: మూడో పాదంలో «ముడి» అనే మాట ఉన్నట్టు లీలగా తోస్తోంది. అదే అయితే వీడె వైపు మొగ్గాలేమో.

గణవిభజన: ముడి ఉంటే పాదం పూర్తిగా పెట్టండి. మూడోది సూర్యగణాలు మూడు, ఇంద్రగణాలు రెండు. ఎక్కడ పడిందో చూద్దాం.